ఆటలోని సంస్కృతి దాని నియమాల్లో ఉంటుంది

వీడియో గేములను సంస్కృతిలో భాగంగా పరిగణించవచ్చా, గేమ్ డిజైన్ కేవలం సాంకేతిక నైపుణ్యమేనా అని మీరు అడిగారు. గేమ్ డిజైనర్‌గా పనిచేస్తున్న నా అభిప్రాయం ప్రకారం అవి తప్పకుండా సంస్కృతిలో భాగమే. అయితే చాలామంది ఆ సంస్కృతిని కథలో, చిత్రాల్లో, సంగీతంలో, పాత్రల వేషధారణలో వెతుకుతారు. అవన్నీ సినిమాలోనూ ఉంటాయి. ఆటకు ప్రత్యేకంగా సొంతమైనది నియమం. ఏ పనికి ప్రతిఫలం దక్కుతుంది, ఏ పని అసలు సాధ్యం కాదు, ఏది ఓటమి అనేవి నిర్ణయించినప్పుడే డిజైనర్ లోకాన్ని ఒక పద్ధతిలో చూడమని ఆటగాడికి చెబుతున్నట్టు లెక్క.

ఇందుకు నాకు తెలిసిన బలమైన నిదర్శనం వీడియో గేముల కంటే పాతది. అమెరికాకు చెందిన ఎలిజబెత్ మాగీ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే బోర్డు ఆటకు పేటెంట్ పొందారు. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగిలినవారు అద్దెల భారంతో ఎలా చితికిపోతారో ఆడేవారికి అనుభవంలోకి తేవాలన్నది ఆమె ఉద్దేశం. సంపద పెరిగితే అందరికీ వాటా దక్కేలా మరో నియమావళిని కూడా ఆమె రూపొందించారు. ఆ ఆట చేతులు మారుతూ వచ్చి, 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ‘మోనోపలీ’ని విడుదల చేసేనాటికి ఆ రెండో నియమావళి కనుమరుగైంది. బోర్డు చుట్టూ తిరగడం, స్థలాలు కొనడం, అద్దె వసూలు చేయడం మాత్రం మిగిలాయి. పోల్చి చూసుకోవడానికి మరో మార్గం లేకపోయేసరికి, హెచ్చరికగా పుట్టిన ఆట ఎదుటివారిని దివాలా తీయించే వినోదంగా ప్రపంచమంతా వ్యాపించింది.

నా పనిలోనూ ఇటువంటిదే చూశాను. ఉమ్మడి జలాశయం నుంచి నీటిని పంచుకునే ఒక చిన్న ఆటను తయారుచేస్తున్నప్పుడు, చిత్రాలను గాని పరిచయ వాక్యాలను గాని మార్చకుండా, రెండు వేర్వేరు నియమాలతో పరీక్షించాం. ఎక్కువ నీరు నిల్వ చేసుకున్నవారే విజేత అన్నప్పుడు ఆటగాళ్లు ఎదుటివారి వంతును అనుమానంగా గమనిస్తూ మౌనంగా ఆడారు. జలాశయం ఎండిపోతే అందరూ ఓడిపోతారనే నియమం చేర్చగానే మాట్లాడుకోవడం, వాటాల కోసం బేరమాడటం, మాట తప్పినవారిని నిలదీయడం మొదలుపెట్టారు. సహకారం మంచిదని ఆటలో ఎక్కడా రాయలేదు.

బోర్డు ఆటలో స్నేహితులందరూ ఒప్పుకుంటే ఒక నియమాన్ని పక్కన పెట్టవచ్చు. కంప్యూటర్ సాధారణంగా ఆ సడలింపు ఇవ్వదు. అందుకే వీడియో గేములో నియమానికి మరింత బలం వస్తుంది. లూకాస్ పోప్ 2013లో విడుదల చేసిన ‘పేపర్స్, ప్లీజ్’లో మనం ఒక కల్పిత దేశపు సరిహద్దు తనిఖీ అధికారి. ఎంతమందిని సరిగ్గా పరిశీలిస్తే అంత జీతం, కుటుంబానికి తిండి, అద్దె, వెచ్చదనం ఆ జీతంలోంచే సమకూరాలి, తప్పులు పెరిగితే జరిమానా పడుతుంది. ఆడుతూ ఆడుతూ నేను ఎదురుగా నిలబడినవారి ముఖం కన్నా తేదీలను, ముద్రలనే ఎక్కువగా చూడసాగాను. అధికార యంత్రాంగంలో మనిషి ఎలా మొద్దుబారతాడో వ్యాసం వివరించగలదు, కానీ ఆ మొద్దుబారడాన్ని నా చేతే చేయించింది ఈ ఆట.

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లో ‘టెట్రిస్’, ‘ప్యాక్‌మ్యాన్’ సహా 14 గేములను తన సేకరణలో చేర్చుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. వాటిని డిజైన్ విభాగంలో చేర్చడం సరైన నిర్ణయమని నా నమ్మకం. అయితే ఆడగల స్థితిలో ఉంటేనే ఆటను భద్రపరిచినట్టు. మాగీ నియమాలు పేటెంటు పత్రంలో అచ్చయి ఉన్నాయి కాబట్టి నేటికీ వాటిని చదివి ఆ ఆటను ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ గేముల్లో చాలావాటి నియమాలు సంస్థల సర్వర్లలోనే ఉంటాయి. సర్వర్ మూతపడితే మనకు మిగిలేవి వీడియో రికార్డింగులు, ఆటగాళ్ల జ్ఞాపకాలు మాత్రమే. వాటి కోడ్‌ను, నియమాలను భద్రపరిచే బాధ్యతను గ్రంథాలయాలు, సంస్థలు ఇప్పుడే చేపట్టాలి.