ఎడారిలో వరదేందక్కా?

ఎప్పుడూ ఈ పేజీకి నల్లా రాట్లేదు, బోరు ఎండింది అనే ఉత్తరాలే వస్తయి. ఈసారి కట్ట విప్పితే అన్నీ ఎక్కువైన నీళ్ల మీదనే ఉన్నయి, అందుకే అత్తాకోడళ్ల ముచ్చట వచ్చే వారానికి జరిపిన, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మక్తల్ దగ్గర పల్లె. మా ఆయన షార్జాలో పని చేస్తడు, నలుగురు కలిసి కింది అంతస్తుల రూముల ఉంటరు. 2024 ఏప్రిల్‌ల వాళ్ల రూముల మోకాళ్ల దాంక నీళ్లొచ్చినయి, పాస్‌పోర్ట్ ఉన్న సూట్‌కేసు మంచం కిందనే ఉండె, అంతా నాని ముద్దయింది. రెండు రోజులు ఫోన్ కలవలే, నేనిక్కడ అన్నం ముట్టలే. ఎడారిలో వరదేందక్కా? మళ్లీ వస్తదా? నా మాట వినడు, నువ్వు రాస్తే ఫోటో తీసి పంపుతా.

జవాబు: పంపు చెల్లె, ఆయన కోసమే రాస్తున్న. "ఎడారిలో వరదేంది" అని నువ్వొక్కదానివే కాదు, అక్కడ రోడ్లేసినోళ్లు ఇండ్లు కట్టినోళ్లు కూడా గట్లనే అనుకున్నరు, సగం తిప్పలు అక్కడ్నే ఉంది. షార్జా, దుబాయ్ ఉన్న ఆ యూఏఈ దేశంల ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అసొంటిది 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే కాడ ఒక్క రోజు కూడా తిరగకముందే 254.8 మిల్లీమీటర్లు కొట్టింది, 1949 నుంచి వాన లెక్కలు రాస్తున్నరు, అంత వాన ఎన్నడూ లేదు. మన పాలమూరుకు ఏడాది మొత్తం మీద 600 చుట్టుపక్కల పడతది, అందుల సగానికి జర తక్కువ ఒక్క రోజుల పడ్డట్టు అనుకో. మస్తు రోడ్లకు వాన నీళ్లు పోయే మోరీలే లేవు, ఎక్కడి నీళ్లు అక్కడ్నే నిలబడ్డయి, ట్యాంకర్లు పెట్టి గుంజాల్సి వచ్చింది, షార్జాల కొన్ని బస్తీలల్ల రోజుల తరబడి అట్లనే ఉన్నయి. దుబాయోళ్లు ఆ జూన్‌లనే 3,000 కోట్ల దిర్హమ్‌లతో వాననీటి కాలువల పని ప్రకటించిండ్రు, పూర్తయ్యేది 2033కు. అంటే మీ ఆయన సామాను మీ ఆయనే చూసుకోవాలె.

నేల సంగతి నీకు చెప్పేదేముంది, రైతుబిడ్డవు. మన ఎర్ర చెల్కల బుడ్డలేసినంక ఒక పెద్దవాన పడి ఎండ కాస్తే పైన అట్టు కడతది, మొలక పైకి రాదు, తర్వాతి వాన లోపలికి ఇంకదు, గట్టు మీదికెంచి పారుకుంట పోతది. ఎండిన గట్టినేలకు ఎక్కడైనా గదే గుణం. రాజస్థాన్ బాడ్‌మేర్ జిల్లాల, థార్ ఎడారి అది, 2006 ఆగస్టుల కవాస్ అనే ఊరు మునిగింది, ఇసుక కింద జిప్సం పొర ఉండేసరికి నీళ్లు కిందికి దిగలే, వారాల కొద్దీ చెరువు లెక్క నిలిచినయి. ఇసుకల నీళ్లు నిలుస్తాయంటే ఎవరన్న నమ్ముతరా.

ఇగ ఆయన చెయ్యాల్సింది. మంచం కింద ఏదీ వద్దు. అసలు మన అలవాటే గిది, ఊర్ల కూడా చూడు, ట్రంకు పెట్టె మంచం కింద, పట్టా పాసుపుస్తకం బీరువా కింది అరల, బియ్యం డబ్బా నేల మీద, దొంగకు కనపడొద్దని దాస్తం గని నీళ్లు ఫస్టు వెతికేది అక్కడ్నే. పాస్‌పోర్ట్, పని ఒప్పందం కాయితాలు, ఎమిరేట్స్ ఐడీ జిరాక్సు గట్టి ప్లాస్టిక్ కవర్ల పెట్టి, గాలి తీసి, మూతి రెండుసార్లు మడిచి టేపేసి, ఛాతి కంటే ఎత్తుల మేకుకు తగిలియ్యమను. అన్నిటి ఫోటోలు నీ ఫోన్‌ల ఉండాలె, ఆయన ఫోన్‌ల ఒక్కదాంట్లనే ఉంటే లాభం లేదు. వానలున్నాయని చెప్పిన రోజు పవర్‌బ్యాంకు నింపుకోవాలె, బకెట్లు బిందెలు నింపాలె. చుట్టూ నీళ్లే కదా, బకెట్లెందుకు అంటడేమో, కరెంటు పోతే బిల్డింగు మోటర్ నడవదు, నల్లా బంద్ అయితది, తాగే నీళ్లు, లెట్రిన్‌ల పోసుకునే నీళ్లు రెండూ ఉండయి. బీపీ, షుగర్ గోలీలుంటే వారానికి సరిపడా పక్కకు పెట్టుకోవాలె. పై అంతస్తుల తెలిసిన మనిషి ఒకరుండాలె, రాత్రి రెండింటికి తలుపు కొడితే తీసేంత తెలిసిన మనిషి. ఆపదొస్తే పోలీసుకు 999, అంబులెన్స్‌కు 998.

ఇంకోటి, సెలవు రోజు దోస్తులతోని వాదీల కాడికి షికారు పోతరు చూడు, వాదీ అంటే మన ఒర్రె లాంటిదే, ఏడాదంతా ఎండి ఉంటది. వాన కొండ మీద పడతది, ఇక్కడ తలకాయ మీద ఎండ కాస్తుంటది, నీళ్లు మాత్రం గోడ లెక్క వస్తయి. వరదొచ్చినప్పుడు వాదీలకు బండి తోలితే అక్కడ 2,000 దిర్హమ్‌ల ఫైను, లైసెన్సు మీద తప్పు కింద రాసే 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. భయానికి కాకున్నా ఫైనుకన్న ఆగుతడు.

మీ ఇద్దరు ఒక మాట ముందే అనుకోండి, ఫోన్ కలవకపోతే ఎవరికి చెయ్యాలె అని, ఆయన రూమోళ్లవి, మేస్త్రీది నంబర్లు గోడ మీద రాసిపెట్టుకో. అప్పుడు అన్నం మానేసే పని ఉండదు.

ప్రశ్న: బిడ్డా, వానల్లేవని మేం కప్పతల్లి ఆట ఆడించినం, పిల్లలు ఇంటింటికి తిరిగి నీళ్లు పోయించుకున్నరు. తెల్లారి నుంచి ఆగకుండ కొట్టింది, ఇండ్లల్లకొచ్చింది. ఎక్కువ ఆడించినమా?

జవాబు: పిల్లలది తప్పేం లేదు పెద్దమ్మా. మోరీ ఎన్నడు తీసిండ్రో పంచాయతీల అడుగు.

ప్రశ్న: మేడం, మాది నల్లగొండ దగ్గర. పదిహేనేండ్ల కింద ప్లాట్ కొన్నప్పుడు పైన కుంట ఎండి ఉండె, పిల్లలు క్రికెట్ ఆడేది. మిషన్ కాకతీయల పూడిక తీసిండ్రు, ఇప్పుడు నిండుతుంది, మంచిదే, కానీ మత్తడి దుంకితే నీళ్లు మా గల్లీకే వస్తున్నయి. ఇల్లు అమ్ముడు కాదు. ఏం చెయ్యాలె?

జవాబు: అన్నా, నీళ్లు మీ గల్లీకి రాలేదు, మీ గల్లీ నీళ్ల తొవ్వకు వచ్చింది, కోపానికి రాకు, నేనూ అదే తప్పు చేసిన, మహబూబ్‌నగర్‌ల మా ఇల్లు కూడా పల్లంలనే ఉంది. కొన్నప్పుడు చుట్టుపక్కల ముసలోళ్లను ఎవర్నీ అడగలే, అడిగుంటే కాలువ ఎటుపోయేదో వేలు పెట్టి చూపిచ్చేటోళ్లు. మీరిప్పుడైనా అడగండి, మత్తడి నీళ్లు వెనకట ఏ దిక్కు పోయేది, ఎక్కడ గండి పడ్డది అని, రెవెన్యూ నక్షల కాలువ గీత ఉంటే దాని మీద ఎవరు గోడ కట్టిండ్రో తెలుస్తది, నలుగురు కలిసి రాతపూర్వకంగా ఇయ్యండి. అది తెమిలేసరికి ఇంకో మూడు వానకాలాలు పోతయి కాబట్టి ఇంట్ల పని ఇంట్ల చేసుకోవాలె.

మా ఇంట్ల నీళ్లెట్లొచ్చినయో చెప్తా వినండి, నవ్వొస్తది. అర్ధరాత్రి దర్వాజకు అడ్డంగ ఇసుక బస్తాలు పేర్చి, సందుల్ల పాత చీరలు కుక్కి, మేం శెభాష్ అనుకుంట కూసున్నం, ఎనకకెంచి బుడబుడమని సప్పుడు. బాత్రూం జాలీలకెంచి నల్లటి నీళ్లు పైకి తన్నుతున్నయి. బయట మోరీ నిండితే ఆ నీళ్లు పైపులకెంచి ఎనక్కి ఇంట్లకే వస్తయి, గడప ఎత్తు పెట్టుకున్నోళ్లు కూడా గిక్కడ్నే ఓడిపోతరు. అప్పటి నుంచి రెండు గట్టి ప్లాస్టిక్ సంచులల్ల ఇసుక నింపి బాత్రూం పక్కన రెడీగ పెట్టినం, ఒకటి జాలీ మీదికి, ఒకటి లెట్రిన్ గుంటలకు. ఖర్చేం లేదు, కాళ్లకు తగులుతుంటయి అంతే.

గడపకైతే యూరియా సంచులు సగమే నింపండి, బిర్ర నింపితే గుండ్లలెక్క ఉండి మధ్యల సందులు పడతయి, సగం నింపితే ఒకదాని మీద ఒకటి పరుసుకుంటది. ఇటుకల లెక్క జోడు తప్పించి పేర్చాలె, ముందర ఒక తాడ్‌పత్రి. బోరు స్టార్టర్ డబ్బా, ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీదుంటే ఇయ్యాల్నే పైకి జరపండి. నీళ్లు గడప దాటకముందే మెయిన్ ఆపాలె, దాటినంక తడి చేతులతోని స్విచ్ బోర్డు కాడికి పోవద్దు, దూరంగ ఉండి 1912కు చేసి లైను ఆపమనండి. సిలిండర్ రెగ్యులేటర్ బంద్ చేసి కిటికీ చువ్వకు కట్టేయండి, నీళ్లల్ల తేలుతది అది. బర్రెలుంటే తలుగు ఇప్పేయండి, కట్టేసిన పశువే ముందు పోతది.

కరువు జిల్లా అని ధీమా వద్దు. 2009 కూడా వానలు లేక మొగులు దిక్కు చూసిన ఏడాదే, తీరా అక్టోబర్ మొదటి వారంల తుంగభద్ర పొంగి రాజోలి, అలంపూర్ దిక్కు ఊర్లు మునిగినయి. రాజోలిల చేనేతోళ్లు ఎక్కువ, గుంత మగ్గాలు, కాళ్లు పెట్టే గుంతలు నేలకంటే కిందుంటయి కదా, నీళ్లు తీసినా బురద తియ్యాలె, పడుగు పోతే చేతిల పని పోయినట్టే. ఎవరి ఇంట్ల ఏది అన్నిటికంటే కిందుందో వాళ్లకే ఎరుక.

ప్రశ్న: అక్కా, మొన్న అండర్‌పాస్ నీళ్లల్ల కారు ఆగింది, ఐదారుసార్లు సెల్ఫ్ కొట్టిన, ఇప్పుడు ఇంజన్ పోయిందంటున్నరు. ఇన్సూరెన్స్ వస్తదా?

జవాబు: సెల్ఫ్ కొట్టకుండ ఉంటే బతికేది తమ్మీ. లోపలికి నీళ్లు పోయినంక తిప్పితే నీళ్లు నలగవు, ఇంజన్ రాడ్లు వంగుతయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు, ఫుల్ పాలసీ ఉన్నా ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టకపోతే చాలాసార్లు ఒప్పుకోరు, పాలసీ కాయితం తీసి చూడు. అయినా దిగుడెందుకు? అడుగు లోతు నీళ్లకే చిన్నకారు తేలుతది, రెండడుగులు పారితే ఎంత బండినైనా కొట్టుకపోతది. ముందున్న ఆర్టీసీ బస్సు దాటిందని దిగినవు కదా, బస్సు ఎత్తు నీ కారుకుందా?

ప్రశ్న: వరద తీసినంక సంపు నీళ్లు ఫిల్టర్ పెట్టుకుని తాగొచ్చా? మాది మర్రిగూడ దిక్కు, అసలే ఫ్లోరైడ్ ఊరు.

జవాబు: వద్దమ్మా. సంపు మొత్తం ఎత్తిపోసి, గోడలు బ్లీచింగ్ పౌడర్ నీళ్లతోని రుద్ది కడిగి, ఆ నీళ్లు కూడా పారబోసి అప్పుడు నింపాలె. సంపుల పాము, తేలు ఉండొచ్చు, ముందు కట్టె పెట్టి తిప్పి లైటేసి చూసినంకనే దిగండి, మూత తీసి గాలి ఆడనియ్యండి, ఒక్కరే దిగొద్దు. భగీరథ నల్లా నీళ్లు కూడా మొదటి రెండు మూడు రోజులు కాచుకునే తాగండి, పైపు పగిలిన కాడ మురికి లోపలికి గుంజుకుంటది. సలసల మసిలినంక ఇంకో నిమిషం ఉంచాలె. కానీ కాచితే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయితుంటే ఇంకా చిక్కనైతది, అందుకే బోరు నీళ్లు కాచి పిల్లలకు తాపియ్యకండి, నల్లా నీళ్లే కాచండి. ఆశా కార్యకర్తను క్లోరిన్ గోలీలు అడగండి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఒక పది తీసుకోండి, విరేచనాలు మొదలైనంక పోతే అప్పటికే అయిపోతయి.