ఐసీయూలో కడుపులో రక్తస్రావం అవుతోందని నర్సు ముందుగా ఎలా పసిగట్టాలి?

బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమే. ముందు పల్స్ పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లలో పల్స్ కూడా పెరగకపోవచ్చు. మొదటి హిమోగ్లోబిన్ రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకండి. రక్తం పోయిన కొన్ని గంటలకు గానీ ఆ అంకె దిగదు. మలం తారులా నల్లగా, జిగటగా, కంపు కొడుతుంటే అనుమానించాలి. ఐరన్ మాత్రలకూ నల్లబడుతుంది కానీ ఆ జిగట, ఆ కంపు ఉండవు.

వెంటనే డాక్టర్‌ని పిలవండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వద్దు. 18 గేజ్ లేదా అంతకన్నా లావు క్యాన్యులాలు (నరంలో పెట్టే సన్నని గొట్టాలు) రెండు పెట్టండి, క్రాస్ మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) శాంపిల్ తీయండి. రక్తపు వాంతి అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, సక్షన్ (నోట్లోది లాగేసే యంత్రం) దగ్గర పెట్టుకోండి. ఎండోస్కోపీ సాధారణంగా 24 గంటల్లోపు చేస్తారు.

నొప్పి మాత్రల వల్ల కూడా కడుపులో రక్తస్రావం కావచ్చు, అందుకే వాటి సంగతి రోగి వెంట ఉన్నవాళ్లను గుచ్చి గుచ్చి అడగండి. హైదరాబాద్‌లో గల్లీ మెడికల్ షాపులో మోకాళ్ల నొప్పికి కొన్నవాటిని చాలామంది మందుల లెక్కలో వేయరు.