పాఠకుల ప్రశ్నలు: వడగండ్లు తగ్గించే మేఘమథనం

ప్ర: వాన పెంచడానికీ, వడగండ్లు తగ్గించడానికీ విమానంలోంచి ఒకే రసాయనం వదులుతారట. రెండు పనులూ ఒకదానితోనే ఎలా అవుతాయి?

జ: రెండింటికీ ముడిసరుకు ఒకటే: సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీరు. మబ్బు పైభాగంలో మైనస్ 10, మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా సన్నని బిందువులు ద్రవంగానే ఉండిపోతాయి. అవి గడ్డకట్టడానికి ఏదో ఒక రేణువు ఆసరా కావాలి. విమానం వదిలే రసాయనం సిల్వర్ అయొడైడ్. దాని స్ఫటికం నిర్మాణం మంచు స్ఫటికాన్ని బాగా పోలి ఉంటుంది కనుక మైనస్ 5, 6 డిగ్రీల నుంచే ఆ పనికొస్తుంది. 1946లో అమెరికా శాస్త్రవేత్త బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టిన సంగతి ఇది.

వాన కోసమైతే, అలా పుట్టిన మంచు కణాలు చుట్టూ ఉన్న నీటిని పట్టుకుని బరువెక్కి, కిందికి దిగుతూ కరిగి చినుకులవుతాయి. ఇక పెద్ద వడగల్లు తయారవ్వాలంటే కొద్దిపాటి మంచు పిండాలకు, అంటే వడగండ్లుగా ఎదిగే తొలి గుళికలకు, బోలెడు నీరు దక్కాలి. పిండాల సంఖ్య పెంచితే అదే నీరు ఎక్కువ వాటాలవుతుంది, ఏదీ పెద్దగా పెరగదు. చిన్నవి నేలకు చేరేలోపే చాలావరకు కరిగిపోతాయి.

మెలిక మోతాదులో ఉంది. వానకు తగుమాత్రం కణాలు చాలు. మరీ ఎక్కువైతే అన్నీ చిన్నవిగా మిగిలి, రాలకుండా గాల్లో తేలుతూ పోతాయి. వడగండ్ల తుపానుకైతే ఎక్కువ మోతాదు కావాలి. అందుకే ‘రెండూ ఒకేసారి, ఒకే మబ్బులో గ్యారంటీ’ అనే మాటను నమ్మకండి.

ప్ర: విమానం తుపాను మబ్బులోకే దూరుతుందా?

జ: నడిబొడ్డులోకి ఎప్పుడూ వెళ్లదు. రాడార్‌లో గాఢంగా కనిపించే భాగంలో ఇప్పటికే వడగండ్లు ఉంటాయి. అక్కడికి వెళితే విమానానికే ముప్పు, పైగా చల్లినా ప్రయోజనం లేదు. గురి అంతా ఆ పెద్ద మబ్బు అంచున కొత్తగా లేస్తున్న పిల్ల మబ్బుల మీద. రేపో మాపో కాదు, మరో అరగంటలో అవే తుపానుకు మేత.

పనిచేసేది రెండు ఎత్తుల్లో. ఒక విమానం మబ్బు అడుగుకు కాస్త కింద, గాలి పైకి లాగుతున్న చోట నెమ్మదిగా తిరుగుతుంది. రెక్కల వెనక అంచున బిగించిన, ఒక్కోటి సుమారు 150 గ్రాములుండే ఫ్లేర్లను (రసాయనం కూరిన, మతాబుల్లా మండే గొట్టాలను) అక్కడే కాలుస్తుంది, లేదా రెక్క చివరి బర్నర్‌లో సిల్వర్ అయొడైడ్ కలిపిన అసిటోన్ అనే ద్రావకాన్ని మండిస్తుంది. పొగను పైకి మోసుకెళ్లేది గాలే. రెండో విమానం మైనస్ 10 డిగ్రీల ఎత్తులో పిల్ల మబ్బుల పైభాగాలను తాకుతూ పోతూ, పొట్ట కింద అరల నుంచి 20 గ్రాముల ఫ్లేర్లను జారవిడుస్తుంది. అవి నిమిషం లోపే కాలిపోతాయి. గ్రాములే కదా అనుకోవద్దు. ఒక్క గ్రాము నుంచి లక్షల కోట్ల రేణువులు పుడతాయి.

ప్ర: రాళ్లు పడుతున్నాయని తెలియగానే విమానం లేపితే?

జ: అప్పటికే ఆలస్యం. లెక్క చూడండి. మబ్బు అడుగు నుంచి మైనస్ 10 డిగ్రీల ఎత్తు 3 కిలోమీటర్లు పైన ఉంటే, గాలి సెకనుకు 5 మీటర్ల చొప్పున లేస్తుంటే, పొగ అక్కడికి చేరడానికే 10 నిమిషాలు. ఆ తర్వాత మంచు పెరగాలి. ఈలోగా తుపాను కదులుతూనే ఉంటుంది. కాబట్టి కాపాడాల్సిన ఊరికి ముందే, గాలి వచ్చే దిక్కున మొదలుపెట్టాలి. పైఎత్తులో వదిలితే ఈ ప్రయాణం తప్పుతుంది. వేగంగా ముంచుకొచ్చే తుపానుకు పై విమానం లేకపోతే కష్టమే.

ప్ర: పరికరాల్లో సాధారణంగా ఏం చెడుతుంది?

జ: ఎక్కువ తంటా బర్నర్‌తోనే. సిల్వర్ అయొడైడ్ ఒంటరిగా అసిటోన్‌లో కరగదు. అమ్మోనియం అయొడైడ్ లాంటిది తోడు కావాలి. ఆ తోడు తక్కువైనా, ద్రావణంలోకి నీరు చేరినా పసుపురంగు మడ్డి దిగి నాజిల్ మూసుకుపోతుంది. అందుకని డబ్బాల మూతలు బిగించి ఉంచాలి, పోసేటప్పుడు వడగట్టాలి. ఫ్లేర్లయితే తీగల కనెక్షన్ వదులై కొన్ని అంటుకోవు. ఎగిరేముందు ఫ్లేర్లుండే ప్రతి అరలోని సర్క్యూట్‌నూ పరీక్షించాలి, వాటిని అంటించడానికి సిద్ధం చేసే ఆర్మింగ్ స్విచ్‌ను గాల్లోకి లేచాకే వేయాలి. దిగాక కాలని ఫ్లేర్లను లెక్కపెట్టకపోతే ఎంత చల్లారో ఎవరూ చెప్పలేరు.

ప్ర: మబ్బే లేని ఎండల్లో వాన కురిపించగలరా?

జ: లేదు.

ప్ర: మంచు కట్టేంత ఎత్తుకు ఎదగని మబ్బుల మాటేమిటి?

జ: అక్కడ సిల్వర్ అయొడైడ్ దండగ. నీటిని పీల్చే ఉప్పు రేణువులు, అంటే కాల్షియం క్లోరైడ్ లేదా పొటాషియం క్లోరైడ్ ఫ్లేర్లు, మబ్బు అడుగున కాలుస్తారు. పెద్ద బిందువులు ముందే ఏర్పడి చిన్నవాటిని కలుపుకుంటాయి.

ప్ర: ఫలితం ఉందని రుజువు ఉందా?

జ: వానకు కొంత, వడగండ్లకు ఇంకా వివాదమే. మన దేశంలో మహారాష్ట్రలోని సోలాపూర్ దగ్గర 2018, 2019లలో ఉప్పు ఫ్లేర్లతో చేసిన ప్రయోగంలో వాన సుమారు 18 శాతం పెరిగిందని తేల్చారు. ఆ అంకె చల్లిన చోటికే, రాష్ట్రమంతటికీ కాదు. వడగండ్ల మీద స్విట్జర్లాండ్‌లో 1977-81 మధ్య రాకెట్లతో చేసిన ప్రయోగం ప్రభావమేమీ చూపలేదు. అయినా కెనడాలోని ఆల్బెర్టాలో బీమా కంపెనీలు 1996 నుంచి సొంత డబ్బుతో విమానాలు నడుపుతున్నాయి. అమెరికాలో నార్త్ డకోటా పశ్చిమ కౌంటీల్లో రెండు లక్ష్యాలతోనూ దశాబ్దాలుగా చల్లుతున్నారు. కట్టేవాళ్లకు గిట్టుబాటు అనిపించడం వేరు, శాస్త్రీయంగా తేలడం వేరు. రసాయనం చల్లకపోతే ఏ తుపాను ఎంత రాల్చేదో కొలవలేం గదా!

ప్ర: వెండి పొలాల్లో పేరుకుపోదా?

జ: చాలా అతిగా వేసి చూద్దాం. ఒక కిలో సిల్వర్ అయొడైడ్‌లో వెండి 460 గ్రాములు. అదంతా 100 చదరపు కిలోమీటర్ల మీద, 10 మిల్లీమీటర్ల వానలోనే దిగిందనుకోండి. ఆ వాన నీరు 100 కోట్ల లీటర్లు; అంటే వెండి లీటరుకు సగం మైక్రోగ్రాము కన్నా తక్కువ. తాగునీటికి అమెరికా సూచించే పరిమితి లీటరుకు 100 మైక్రోగ్రాములు.

ప్ర: తోటల్లో పేల్చే ‘వడగండ్ల ఫిరంగులు’ విమానం కన్నా చవక కదా?

జ: చవకే, పని మాత్రం చేయవు. వడగండ్లను ఆపుతుందంటూ వాయువు మండించి పుట్టించే ఆ శబ్ద తరంగం కన్నా ఉరుము ఎన్నో రెట్లు బలమైనది. ఆ ఉరుములున్న మబ్బులోంచే రాళ్లు పడుతున్నాయి.