వార్తలు దొరకవు, విరాళం అడగడానికి నోరు రాదు: చిన్న విద్యా సంస్థ వారి ప్రశ్నకు నా జవాబు

మీరు రెండు ఇబ్బందులు చెప్పారు. పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే చిన్న సంస్థ మీది. దాతలకు నెలనెలా వార్తాలేఖ పంపాలంటే రాయదగినంత గొప్ప సంగతి ఏదీ జరగడం లేదు, విరాళం అడగాలంటే మొహమాటం అడ్డొస్తోంది. ఇలాంటి సంస్థలోనే వార్తాలేఖ రాసే పని చాలా ఏళ్లుగా నా మెడకు చుట్టుకుంది కాబట్టి చెబుతున్నాను. మొదటి ఇబ్బంది తీరితే రెండోది సగానికి పైగా దానంతట అదే తీరుతుంది. నెలనెలా మీ సంగతులు చదువుతున్న మనిషిని డబ్బు అడగడం అంత కష్టం కాదు. ఏడాదంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఖాతా ఖాళీ అయ్యాక చేయి చాచాల్సి వచ్చినప్పుడే గొంతు పెగలదు.

ముందు ఆ గొప్ప సంగతి కోసం వెతకడం మానేయండి. వార్షికోత్సవం, ముఖ్య అతిథి ప్రసంగం, వేదిక మీద వరుసగా నిలబడిన పెద్దల ఫోటో దాతకు ప్రతి సంస్థ నుంచీ వస్తూనే ఉంటాయి. ఫోటోలో ఉన్నవారు తప్ప మరొకరు రెండోసారి చూడరు. మేం పంపినవాటిలో ఎక్కువ మంది జవాబు రాసినది ఒక భాగహారం పాఠం గురించి. శేషం అంటే ఏమిటో పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కడం లేదు. పాఠం చెప్పే అమ్మాయి విసిగిపోయి 17 గింజలు బల్ల మీద పోసి, ఐదుగురు పిల్లలను సమానంగా పంచుకోమంది. తలా మూడు వచ్చాయి, రెండు మిగిలాయి. ఆ రెండూ ఎవరివని తగవు మొదలైంది. పంచిన వాడికే చెందాలని ఒకడు వాదించాడు. టీచరుకు ఇచ్చేద్దామని ఇంకొకడు అన్నాడు. చివరి వరుసలో ఉన్న చిన్న పిల్ల లేచి, ముక్కలు చేసి పంచుకుందాం అంది. భిన్నాల పాఠం ఇంకా మొదలే కాలేదు! అంతే వార్త, ఏడెనిమిది వాక్యాలు. దీని బదులు "గణితంలో వినూత్న బోధనా పద్ధతులు ప్రవేశపెట్టాం" అని రాసి ఉంటే ఎవరికి పట్టేది?

ఇలాంటివి నెలాఖరున గుర్తు తెచ్చుకుందామంటే రావు. హాజరు పట్టీ పక్కనే ఒక నోటు పుస్తకం పెట్టండి. గది తాళం వేసే ముందు, ఆ రోజు పాఠం చెప్పినవారు అందులో రెండు పంక్తులు రాయాలి. చాలా పంక్తులు దేనికీ పనికిరావు, ఫరవాలేదు. మా పుస్తకంలో "వర్షం, ఏడుగురే వచ్చారు" అని ఒకే నెలలో పదే పదే కనిపించింది. ఎందుకా అని చూస్తే పైకప్పు కారే మూల చిన్న పిల్లలు కూర్చునేది. ఆ పంక్తులను ఉన్నవి ఉన్నట్టు వార్తాలేఖలో పెట్టి, కింద కప్పు మరమ్మతుకు ఎంత అవుతుందో రాశాం. వేరే విజ్ఞప్తి అవసరం లేకపోయింది.

చెడ్డ వార్త కూడా రాయండి. మధ్యలో మానేసిన పిల్లలు, వెళ్లిపోయిన ఉపాధ్యాయులు, ఇంటికి తీసుకెళ్లి తిరిగి ఇవ్వని కథల పుస్తకాలు... (పుస్తకాల విషయంలో నాకు లోలోపల సంతోషమే, నచ్చకపోతే దాచుకుంటారా?) అంతా సవ్యంగా జరుగుతోందని ప్రతి నెలా రాసే సంస్థకు నా డబ్బు ఎందుకు అనుకుంటాడు దాత.

ఒక్క బిడ్డ కథ గణాంకాల కన్నా ఎక్కువ కదిలిస్తుందన్నది పరీక్షించి చూసిన విషయమే. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో కొందరికి ఆకలి, కరువు గణాంకాలు చూపారు, మరికొందరికి మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పిల్ల గురించి చెప్పారు. తలా ఐదు డాలర్లు చేతిలో ఉండగా, గణాంకాలు చూసినవారు సగటున 1.14 డాలర్లు, రోకియా గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. రెండూ కలిపి చూపితే 1.43కు పడిపోయింది. అంకెలు వార్షిక నివేదికలో ఉండనివ్వండి.

అయితే ఇక్కడే నాకు భయం. కథ పనిచేస్తుందని తెలిశాక, పిల్లల కన్నీళ్లను అమ్ముకునే దాకా పోవడానికి ఎంతో సమయం పట్టదు. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల ఏకాంతానికి, గౌరవానికి రక్షణ ఉండాలంటుంది. మేం పేర్లు మారుస్తాం, ఇంటి ఆనవాళ్లు రాయం, ముఖాలకు బదులు చేతులు, నోటు పుస్తకాలు ఫోటో తీస్తాం. తల్లిదండ్రులతో పాటు పిల్లల అనుమతి కూడా అడుగుతాం. సంతకం తీసుకున్నామని ఊరుకోకుండా, రాసినది పంపే ముందు ఇంట్లోవాళ్లకు చదివి వినిపిస్తాను. ఒకసారి ఒక తల్లి అంతా విని, "ఇబ్బందుల్లో ఉన్నామని రాశారు, సరే. మావాడు ఎక్కాలు అందరికన్నా ముందు అప్పజెప్పాడని రాయలేదేమిటండీ?" అంది. ఆమె చెప్పిన సంగతితోనే మొదలుపెట్టి మళ్లీ రాశాను, ఇబ్బందులు ఒక వాక్యానికి తగ్గాయి. విరాళాలేమీ తగ్గలేదు.

ఇక అడగడం. "మీకు తోచినంత ఇవ్వండి" అంటే చాలామందికి ఏమీ తోచదు. దేనికి, ఎంత, ఎప్పటిలోగా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. నెలనెలా కొద్దిగా ఇచ్చేవారిని పోగు చేసుకోండి. వాళ్లుంటే రాబోయే నెల జీతాలు ఇవ్వగలమా లేదా అన్నది ముందే తెలుస్తుంది, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మాయమయ్యే దాతతో ఆ నిశ్చింత రాదు.

అన్నిటికన్నా కష్టం అద్దెకూ జీతాలకూ అడగడం. పుస్తకాలు కొంటామంటే అందరూ ఇస్తారు, ఆ పుస్తకం చదివించే మనిషి జీతానికి మాత్రం ముఖం చిట్లిస్తారు. 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం దీని గురించే. ఒక విద్యా సంస్థ తరఫున 40,000 మందికి ఉత్తరాలు పంపారు. నిర్వహణ ఖర్చులను ఒక దాత ఇప్పటికే భరించారు, మీరిచ్చేదంతా కార్యక్రమానికే పోతుంది అని చెప్పిన ఉత్తరాలకు, మీరెంత ఇస్తే అంత ఆయన కలుపుతారు అన్న ఉత్తరాల కన్నా ఎంతో ఎక్కువ వచ్చింది. కాబట్టి మీకు తెలిసిన పెద్ద దాత ఒకరుంటే, అద్దె, జీతాల భారం ఆయన్ని మోయమని అడిగి, ఆ మాట మిగతావారికి చెప్పండి. నేనైతే దీన్ని తప్పనిసరై వాడతాను, ఎందుకంటే టీచరు జీతం చదువులో భాగం కాదన్న అపోహను మనమే పెంచినట్టవుతుంది. అందుకే వార్తాలేఖలో ఆ గింజల అమ్మాయిలాంటివారి గురించి పదే పదే రాస్తుంటాను.

రసీదు ఆలస్యం చేయకండి. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే లేఖ, మళ్లీ అడిగే లేఖ ఒకటే కాకుండా చూడండి.

చివరగా, మీరు అడగలేదు గానీ, వస్తురూపంలో వచ్చే విరాళాల గురించి. పాడైన కంప్యూటర్లు, ఎప్పుడో మారిపోయిన పాఠ్యపుస్తకాలు, మూతలేని స్కెచ్ పెన్నులు తప్పక వస్తాయి. వద్దంటే మనసు నొచ్చుకుంటుందేమోనని తీసుకుంటే, వాటిని వదిలించుకునే ఖర్చు మీదే. మేం ప్రతి వార్తాలేఖ అడుగున ఆ నెలకు కావలసిన వస్తువులు మాత్రమే రాస్తాం, జాబితాలో లేనివి ఎవరు తెచ్చినా మర్యాదగా వద్దంటాం. ఇప్పుడు దాతలే ఫోను చేసి, "ఆ గోడ గడియారం ఎవరైనా ఇచ్చారా, నన్ను తెమ్మంటారా?" అని అడుగుతున్నారు.