పలు రిమోట్ సర్వర్లలో డిస్కు పార్టిషన్లను స్క్రిప్టుతో పెంచడం

వర్చువల్ డిస్కుల సైజు పెంచినా లినక్స్ సర్వర్లలో పాత సైజే కనిపిస్తోందని, ఒక్కొక్కదానిలోకి లాగిన్ కాకుండా ఒకే స్క్రిప్టుతో అన్నింటినీ సరిచేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. మాదాపూర్‌లోని మా కార్యాలయం నుంచి వేరే ఊళ్లలోని సర్వర్లకు నేను ఈ పని తరచూ చేస్తుంటాను. పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని) పెంచే కమాండ్లు రెండు మూడు వరుసలకు మించవు. స్క్రిప్టులో అసలు శ్రమంతా ఏ సర్వర్‌లో ఏముందో తేల్చుకోవడానికే పెట్టాలి.

అందుకే, ముందుగా దేనినీ మార్చకుండా ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కులను, పార్టిషన్లను చూపే కమాండ్) ఇచ్చే సమాచారాన్ని మాత్రమే సేకరించే స్క్రిప్టును నడపండి. ఒకే టెంప్లేట్‌తో తయారైనవని చెప్పే సర్వర్లలో కూడా కొన్నింటి డిస్కు పేరు ఎస్‌డీఏ అని, కొన్నింటిది ఎన్‌వీఎంఈతో మొదలై ఉంటుంది. రెండో రకంలో పార్టిషన్ సంఖ్యకు ముందు ‘పీ’ అక్షరం వస్తుంది కనుక, డిస్కు పేరుకు నేరుగా 1 తగిలించే స్క్రిప్టు అక్కడ పనిచేయదు. రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే ప్రధాన భాగం) వెనుకే స్వాప్ (మెమరీకి అదనంగా వాడే భాగం) ఉంటే, కొత్తగా వచ్చిన ఖాళీ దానికి అవతల పడుతుంది. అలాంటి సర్వర్లను జాబితాలోంచి తీసేసి విడిగా చేయడమే మేలు. డిస్కు 2 టీబీ దాటుతుంటే పార్టిషన్ టేబుల్ (పార్టిషన్ల వివరాల పట్టిక) పాత ఎంబీఆర్ పద్ధతిదా, కొత్త జీపీటీ పద్ధతిదా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే మామూలు 512 బైట్ల సెక్టార్లతో ఎంబీఆర్ ఆ పరిమితిని దాటలేదు.

తర్వాత గ్రోపార్ట్ కమాండ్‌తో పార్టిషన్‌ను, ఆపైన అందులో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టంను పెంచాలి. ఫైల్ సిస్టం రకాల్లో ఈఎక్స్‌టీ4కు వాడే రీసైజ్2ఎఫ్ఎస్‌కు డివైస్ పేరు ఇవ్వాలి, ఎక్స్ఎఫ్ఎస్‌కు వాడే ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్‌కు మౌంట్ పాయింట్ (అది కనిపించే డైరెక్టరీ) ఇవ్వాలి. ఎల్‌వీఎం (డిస్కు జాగాను లాజికల్ వాల్యూములుగా పంచే పొర) ఉంటే నడుమ పీవీరీసైజ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్లు చేరతాయి. పెంచడానికి ఏమీ లేనప్పుడు గ్రోపార్ట్ ‘నోచేంజ్’ అని చెప్పి ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే ఫలిత సంఖ్య) 1తో ముగుస్తుంది; దానిని వైఫల్యంగా లెక్కిస్తే, స్క్రిప్టును రెండోసారి నడిపినప్పుడు సవ్యంగా ఉన్న సర్వర్ల దగ్గరే ఆగిపోతుంది.

డిస్కు పూర్తిగా నిండిపోయిన సర్వర్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గ్రోపార్ట్ తన తాత్కాలిక ఫైళ్లను టెంప్ డైరెక్టరీలో రాస్తుంది కాబట్టి, ఏ సర్వర్‌కు జాగా అత్యవసరమో సరిగ్గా అక్కడే ‘జాగా లేదు’ అన్న ఎర్రర్ వస్తుంది. ఆ డైరెక్టరీపై కాసేపు టెంప్‌ఎఫ్ఎస్ (మెమరీలోనే ఉండే తాత్కాలిక ఫైల్ సిస్టం) మౌంట్ చేసి, పని కాగానే తీసేస్తే సరిపోతుంది.

ఎక్స్ఎఫ్ఎస్‌ను ఒకసారి పెంచాక మళ్లీ మామూలుగా కుదించలేము కాబట్టి, స్నాప్‌షాట్ (అప్పటి డిస్కు స్థితికి నకలు) తీయకుండా దేనినీ ముట్టుకోకండి. అన్ని సర్వర్లపై ఒకేసారి కాక, ముందు ఒకదానిపై, తర్వాత నాలుగైదు చొప్పున నడపండి. పలు సర్వర్లపై పనులు నడిపే యాన్సిబుల్ సాధనం వాడితే ‘సీరియల్’ సెట్టింగ్ ఇందుకే ఉంది. ఒక్క సర్వర్ విఫలమైనా, కారణం తేలేదాకా తర్వాతి విడత మొదలుపెట్టవద్దు.