బేరమాడని కొనుగోలుదారు

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ అమ్ముదామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. పావుగంటకే ఒకాయన ఫోన్ చేసి, బేరం కూడా ఆడకుండా నేను చెప్పిన ధరకే తీసుకుంటానన్నాడు. చూడనక్కర్లేదట, మనిషిని పంపి తెప్పించుకుంటాడట. అడ్వాన్స్ కోసమని ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు నా ఖాతాలో పడుతుందన్నాడు. అనుమానం వచ్చి ఆగిపోయాను. ఇంతకుముందు కెమెరా అమ్మినప్పుడు ఒకసారి దెబ్బతిన్నాను. కొన్నతను 'పనిచేయట్లేదు' అని వెనక్కి పంపితే, పార్సిల్‌లో అదే మోడల్, కానీ నాది కాని పాడైపోయిన కెమెరా వచ్చింది. ఇలాంటివాళ్లను ముందే ఎలా కనిపెట్టాలి?
- పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: ఆగిపోయి మంచి పని చేశారు. ఆ పిన్ కొట్టి ఉంటే డబ్బు రావడం కాదు, మీ ఖాతాలోంచి పోయేది. పిన్ అనేది డబ్బు పంపడానికి మీరిచ్చే అనుమతి. మనకు రావాల్సిన డబ్బుకు పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, వాళ్లు పంపిన కోడ్ స్కాన్ చేయడం అసలే అక్కర్లేదు. కొందరు ముందు చాలా చిన్న మొత్తం నిజంగానే పంపిస్తారు, 'చూశారా, వచ్చింది కదా' అంటారు, ఆ నమ్మకం మీద పెద్ద మొత్తానికి కోడ్ పంపుతారు. ఈసారి స్కాన్ చేస్తే పోయేది మీ డబ్బే.

మనిషిని చూసి మోసగాడని కనిపెట్టడం కష్టమండీ, మాట తీరు మర్యాదగానే ఉంటుంది. కానీ పాత వస్తువు కొనేవాళ్లు మామూలుగా ఏం చేస్తారో మనకు తెలుసు కదా. బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడుగుతారు, గీతలున్నాయా అంటారు, కొంచెం తగ్గించమని ప్రాణం తీస్తారు. విసుగు తెప్పించే ఆ మనిషే చాలావరకు నిజమైన కొనుగోలుదారు. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, ఇప్పుడే డబ్బు వేస్తానని తొందరపెట్టేవాడి దగ్గర ఒక్క క్షణం ఆగండి.

డబ్బు గురించి మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండు. ఒకటి, నిజంగా వచ్చిందా? పేమెంట్ అయినట్టు స్క్రీన్‌షాట్, బ్యాంకు పేరుతో ఎస్సెమ్మెస్, ఈమెయిల్ ఇవన్నీ ఎవరైనా తయారుచేయగలరు. వాళ్లు పంపిన లింకులోంచి కాకుండా, మీ ఫోన్‌లోని మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి. అక్కడ కనిపించకపోతే రానట్టే. 'కాసేపట్లో పడుతుంది, మావాడు గుమ్మంలో నిలబడ్డాడు' అంటే, పడేదాకా వాళ్లవాణ్ణి నిలబడే ఉండమనండి.

రెండోది చాలామంది వేసుకోరు: వచ్చిన డబ్బు నిలుస్తుందా? చెక్కు అయితే ఖాతాలో మొత్తం కనిపించాక కూడా తర్వాత బౌన్స్ కావచ్చు. కార్డుతో కట్టినవాడు తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాక్కోవచ్చు, దాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పేపాల్ అనే సేవలో కొనుగోలుదారు డబ్బు కట్టిన 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చు. ఆ సౌకర్యం మంచివాళ్ల కోసమే పెట్టారనుకోండి, వాడుకునేవాళ్లంతా మంచివాళ్లు కారు. ఇక 'పొరపాటున ఎక్కువ వేశాను, మిగిలింది తిరిగి పంపండి' అన్నారంటే అసలు పంపొద్దు. మీకొచ్చింది దొంగిలించిన ఖాతాలోదైతే అది వెనక్కి పోతుంది, మీరు పంపింది మాత్రం తిరిగి రాదు. నిజంగా పొరపాటే అయితే బ్యాంకుకు చెప్పి వెనక్కి తీసుకోమనండి.

ఇప్పుడు మీ కెమెరా సంగతి. నాకూ ఇలాగే జరిగింది కాబట్టి ఆ మంట తెలుసు. నేను పంపింది హెడ్‌ఫోన్లు, తిరిగొచ్చింది ఎవరివో. సీరియల్ నంబర్ రాసి పెట్టుకోలేదు కాబట్టి నోరెత్తలేకపోయాను. అప్పటినుంచి ప్యాకింగ్‌కి ముందు వస్తువు ఆన్ చేసి పనిచేస్తున్నట్టు, సీరియల్ నంబర్ కనిపించేట్టు, పెట్టెలో పెట్టి టేపు వేసి చిరునామా అంటించేదాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీస్తున్నాను. బయటికి కనిపించని చోట చిన్న గుర్తు కూడా పెడతాను. కొరియర్ రసీదు మీద బరువు రాయించుకోండి, ఖాళీ పెట్టె వచ్చిందని ఎవరైనా అంటే అదే మీ సాక్ష్యం. వెనక్కి వచ్చిన పార్సిల్‌ని కూడా వీడియో తీస్తూనే విప్పాలి, చూశాకే డబ్బు తిరిగివ్వాలి. చెల్లింపులో ఉన్న చిరునామాకే పంపండి, 'మా తమ్ముడి ఇంటికి పంపండి' అంటే కుదరదని చెప్పండి. మాటలన్నీ ఆ సైట్ చాట్‌లోనే సాగనివ్వండి, బయటికి లాగారంటే రేపు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

రేటింగ్ బాగుందని మురిసిపోకండి. వస్తువులు అమ్మి కొనే ఈబే సైట్‌లో 2008 నుంచి అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చెడ్డ రేటింగ్ ఇవ్వడానికే లేదు, అలాంటి చోట మంచి రేటింగ్‌కు విలువేముంది?

ఎదురుగా కలిసి అమ్మగలిగితే అన్నిటికంటే మేలు. పగటిపూట, నలుగురూ తిరిగే చోట, తోడు ఒకరిని తీసుకెళ్లండి. అక్కడే ఆన్ చేసి అన్నీ చూసుకోనివ్వండి, డబ్బు మీ యాప్‌లో కనిపించాకే చేతికివ్వండి. ల్యాప్‌టాప్‌లో మీ ఖాతాలన్నీ లాగౌట్ చేసి రీసెట్ చేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న: ఫోన్ అమ్మే ప్రకటనలో ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) ఫొటో పెడితే నమ్మకం పెరుగుతుందా?

జవాబు: పెట్టొద్దు. ఆ 15 అంకెలు అందరికీ చూపించేవి కావు, ఎవరైనా వాడుకోవచ్చు. *#06# కొట్టి చూసి మీ దగ్గర రాసి పెట్టుకోండి, కలిసినప్పుడు కొనేవాళ్లకు చూపించండి.

ప్రశ్న: నేను ఇప్పటికే పిన్ కొట్టేశాను, డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఇది చదవడం ఆపి ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి. నంబర్ కార్డు వెనకాల ఉన్నదో, బ్యాంకు యాప్‌లో ఉన్నదో వాడండి, ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబర్ వద్దు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. చాట్‌లు చెరిపేయకండి, సిగ్గనిపించినా సరే, స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఫిర్యాదు చేయండి. కొద్దిరోజుల్లో 'మీ డబ్బు రాబట్టి ఇస్తాం, కొంచెం ఫీజు కట్టండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి, ఆ ఫోన్ చేసింది మిమ్మల్ని మోసం చేసిన ముఠావాళ్లే కావచ్చు.