సిబిల్ బాగా లేకపోతే బ్యాంకు ఖాతా ఇవ్వరా?

ఇస్తారు. లోన్ కట్టలేకపోయాను, నెలకు ఎనిమిది వేలే వస్తాయి, నాకు ఖాతా ఎవరిస్తారు అని మీలో ఒకరు అడిగారు. సిబిల్ అంటే పాత అప్పులు ఎలా కట్టారో చూపే స్కోరు. ఖాతాలో వేసేది మీ డబ్బు, వాళ్లు మీకు అప్పివ్వడం లేదు. దానికి సిబిల్‌తో పనేంటి?

మా చిన్నమ్మ కామారెడ్డి దగ్గర బీడీలు చేస్తుంది. చిన్నాన్న పోయాక గ్రూపు లోన్ కిస్తీలు ఆగిపోయాయి. ఇక కూలి బ్యాంకులోనే వేస్తామన్నారని 2023 జూన్‌లో ఆమెను తీసుకుని వెళ్లాను. కౌంటర్లో ఉన్నతను, "మూడు వేలు కట్టాలి, మీ సిబిల్ కూడా చూడాలి" అన్నాడు. ఆమె సంచిలో ఉన్నవి ఐదు వందలు. "పా బిడ్డా, పోదాం" అని లేచింది. పది మంది ముందు ఆమె తల దించుకుని నిలబడడం చూసి నాకు కడుపు మండిపోయింది.

"జన్‌ధన్ ఖాతా ఫారం ఇవ్వండి" అన్నాను. బ్యాలెన్స్ లేకుండా ఖాతా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం అది. ఆ స్కీమ్ అయిపోయిందన్నాడు. ఎక్కడ అయిపోయింది? 2014 ఆగస్టులో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మినిమమ్ బ్యాలెన్స్ అడగని బేసిక్ సేవింగ్స్ ఖాతా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఇవ్వకపోతే ఆ మాట కాగితం మీద రాసివ్వండి అన్నాను. పది నిమిషాల్లో మేనేజర్ గదిలోంచి ఫారం వచ్చింది. రూపాయి కట్టకుండా ఖాతా, రూపే కార్డు వచ్చాయి.

కాబట్టి మీరూ "జన్‌ధన్ ఖాతా" లేదా "బేసిక్ సేవింగ్స్ ఖాతా" అని పేరు పెట్టి అడగండి. ఉత్త "సేవింగ్స్ ఖాతా" అంటే ఖరీదైనదే అంటగడతారు. ఈ బేసిక్ ఖాతాలో నెలకు నాలుగు సార్లు డబ్బు తీసుకోవడం ఉచితం, వేసుకోవడానికి లెక్కే లేదు. సరైన గుర్తింపు కాగితాలు లేకపోయినా ఫొటో, సంతకంతో చిన్న ఖాతా తెరవొచ్చు. అందులో యాభై వేలకు మించి ఉంచకూడదు, నెలకు పది వేలకు మించి తీయకూడదు. ఒక్క జాగ్రత్త: బాకీ ఉన్న బ్యాంకులో మాత్రం తెరవకండి. మీ కూలి పడగానే బాకీ కింద పట్టుకోగలరు.

అసలు నా బాధ వేరే ఉంది. నెల తిరక్కుండానే చిన్నమ్మ ఖాతాలోంచి 436 రూపాయలు పోయాయి. చూస్తే జీవిత బీమా ప్రీమియం. బీమా మంచిదే, చెప్పి ఉంటే ఆమే కట్టేది. ఇంగ్లిష్ ఫారంలో వాళ్లే టిక్ పెట్టి, ఆమెతో తెలుగులో సంతకం చేయించుకున్నారు. ఆ ఫారం తెలుగులో ఎందుకు ఉండదు? మీరు వెళ్లినప్పుడు ప్రతి టిక్ దేనికో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.